బాతుల బండి వెనకాల

మా ఊళ్ళో కుక్కకి కూలి ఉండేది. డబ్బు రూపంలో కాదు లెండి. తెల్లారగట్ల బాతుల దడిలో గుడ్లు ఏరేటప్పుడు పగిలిన గుడ్డు దానిది. చేపలు తోమినచోట తలకాయలు దానివి. రాత్రి గంజిలో నూకలు ఉడికించి మట్టి మూకుడులో పోసి, అది మూతి పెట్టాకే బాతుల బాబాయి కంచం ముందు కూచునేవాడు. “పొద్దస్తమానం బురదలో తిరిగొచ్చింది. దాని కూలి దానికి పడకుండా నాకు ముద్దెలా దిగుద్దే?” అని పిన్నితో అనేవాడు. ఆవిడ దానికేమీ అనేది కాదు. మూకుడు అడుగున ఓ చేపముక్క ముందే వేసి ఉంచేది.

ఉండికి దగ్గర్లో ఊరు మాది. గోదావరి డెల్టాకి పడమటి కొస. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. అక్కణ్ణుంచి బయల్దేరిన నీళ్ళు చీలికలై పాయలై ఎక్కడో చివర్న మా ఊరి కాలువలోకొచ్చేవి. ఇంకాస్త పడమటికి పోతే కొల్లేరు. నేను చెప్పేది 1980ల నడిమి రోజులు. కరణం, మునసబు ఉద్యోగాలు 1984లో రద్దయినా మా ఊళ్ళో మునసబుగారు మునసబుగారే, ఆయన మనవడు మునసబుగారి మనవడే. ఈ కథలో వాడొకడు, బాతుల బాబాయి కొడుకొకడు, నేనొకణ్ణి.

బాతుల బాబాయి మాకు చుట్టం కాదు. కాలువ గట్టు మీద తాటాకిల్లు, ఇంటి ముందు తడికల దడి, అందులో నాలుగైదు వందల బాతులు. ఆ వాసనకి మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు అటుకేసి నడిచేవారు కాదు. మాకు మాత్రం బడి వదిలితే అక్కడే కాపురం. బాతుల కోసం కాదు, కుక్కల కోసం.

అవి జోనంగులు. కొల్లేటి జాగిలాలని కూడా అంటారు. సన్నటి నడుము, ఒంటికతుక్కున్న పొట్టి వెంట్రుకలు, వీపు మీదికి చుట్టుకున్న తోక, నుదుటి మీద ముడతలు. ఆ ముడతల వల్ల ఎప్పుడు చూసినా ఏదో లెక్క తేలక ఆలోచిస్తున్నట్టు కనపడేవి. మామూలు కుక్కల్లో ఉండే వాగుడు వాటికి లేదు. మొరగడం అరుదు. మరీ ఉండబట్టకపోతే తల పైకెత్తి ఒక సాగదీసిన కూత, గొంతులో రాగం తిరిగే కూత. కొత్తవాళ్ళు వింటే ఏ జంతువో పోల్చుకోలేరు. పడుకోవాలంటే ముందు కాళ్ళతో గుంట తవ్వుకోవాల్సిందే. బాబాయి ఇంటి చుట్టూ నేలంతా గుంటలే. చీకట్లో వెళ్తే కాలు మడతపడేది. యజమాని ఒక్కడే. బాబాయి దగ్గర రెండుండేవి, కరియడూ రాణీ. కరియడు బాబాయి మాట తప్ప ఇంకెవరి మాటా వినేవాడు కాదు. రాణి కొంచెం మెతక. తాతయ్య, అంటే బాబాయి వాళ్ళ నాన్న, ఆయన మాట కూడా వినేది, మేం తేగముక్క పెడితే తినేది, తిన్నాక మొహం తిప్పుకునేది.

మా ఇంట్లో కుక్క పనికిరాదు. నాయనమ్మ మడి కట్టుకునే మనిషి. అయినా మా పశువుల పాక వెనక పడుకునే ఊరకుక్క ఒకటి నన్ను తన మనిషని అనుకుని ఊరంతా వెంట తిరిగేది. పేరు పెట్టలేదు, పెడితే నాయనమ్మకి తెలుస్తుందని. మునసబుగారి మనవడు సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చేవాడు. వాడితోపాటు జిమ్మీ. తెల్లటి పొమేరియన్. ఆ రోజుల్లో పట్నంలో కాస్త కలిగినవాళ్ళింట్లో అదే కుక్క. దానికి బ్రెడ్డూ పాలూ. మా ఊరి బురదలోకి దిగిన గంటకే దాని రంగు మారిపోయేది. వాళ్ళమ్మ రోజూ సబ్బుతో తోమేది, అది రోజూ మళ్ళీ దొర్లేది.

సార్వా కోతలయ్యాక చేలో రాలిన గింజ మనుషులు ఏరితే పరిగె. మనిషి కంటికి ఆనని గింజ బాతుది. గింజతోపాటు నత్తలు, పురుగులు, చిన్న పీతలు. డెల్టాలో బాతులవాళ్ళకి ఇదే పండగ. పనలు లేచిన చేలని ఒకటొకటిగా మేపుకుంటూ, రోజుకో ఊరి పొలిమేర దాటుకుంటూ కొల్లేటి దిక్కుగా పోతారు. అప్పటికి వానాకాలపు నీరు తీస్తూ ఉంటుంది గనక కొల్లేటి అంచున మోకాలి లోతు నీళ్ళు, మెత్తటి ఒండ్రు, కావలసినంత మేత. బాబాయీ ఇద్దరు కూలీలూ కరియడూ బాతులతో ముందు బయల్దేరేవారు. నాలుగు రోజులకి వెనకాల బండి. దడికట్టే వలలు, గెడలు, బియ్యం, ఊరగాయ జాడీ, గుడ్లకి ఊక పోసిన గంపలు, లాంతరు బండి మీద. తోలేది తాతయ్య. ధనుర్మాసం, పరీక్షలు అయిపోయి సంక్రాంతి ఇంకా రాని రోజులు. మా ఇళ్ళల్లో వాళ్ళు పంపించారంటే అది తాతయ్య మీది నమ్మకమే. “రెండు రాత్రుళ్ళేనమ్మా. నా కళ్ళెదుట్నుంచి కదలనివ్వను” అని మా నాయనమ్మకి గుమ్మం బయటినుంచే చెప్పాడు. ఆవిడ మాత్రం “కుక్కల్ని ముట్టుకోకురా” అంది. ఆ ఒక్కటీ ఎలా కుదురుతుందో ఆవిడకీ తెలుసు.

రెండో జాము దాటాక బండి కట్టారు. గడ్డి పరిచి, మీద గోనెలు వేసి, మమ్మల్ని ముగ్గుర్నీ ఒక దుప్పటి కింద కుక్కారు. మధ్యలో జిమ్మీ. రాణి ఇరుసు కింద చేరింది. బండి కింద నడిచే కుక్క బండి తనే లాగుతున్నాననుకుంటుందని వెక్కిరిస్తారు. ఆ మాట పుట్టించినవాడు రాత్రిపూట బండి తోలి ఉండడు. ఎద్దు కాళ్ళ ముందు పాముందో లేదో, గట్టు ఎక్కడ కోసుకుపోయిందో, ముందు చెప్పేది అదే. అది ఆగితే తాతయ్య పగ్గం బిగించేవాడు. దిగి చూసేవాడు. ఊరికే ఆగిన పాపాన పోలేదది.

మా ఊరకుక్క ఊరి చెరువు దాకా వచ్చింది. రావిచెట్టు దగ్గర నిలబడింది. ఎంత పిలిచినా ఇక అడుగు వెయ్యలేదు. అవతలి ఊరి కుక్కల రాజ్యం మొదలయ్యేది అక్కడే మరి.

మా జిల్లా చలి చూసి ఉత్తరాది వాళ్ళు నవ్వుతారు. పుష్యమాసంలో కూడా 18, 19 డిగ్రీల కిందికి దిగడం తక్కువ. కానీ నాలుగు దిక్కులా తడినేల, కాలవలు, బోదెలు. ఆ కాస్త చలే గోనె కిందినుంచి పాకి వచ్చేది. మూడింటికల్లా మంచు దిగింది. ఎద్దుల కొమ్ములు కనపడవు. తాతయ్య తలపాగా ఒకటి పైన తేలుతూ కనపడేది. కాలువ ఎడమ పక్కనుందో కుడి పక్కనుందో నీళ్ళ చప్పుడుని బట్టే.

ఆ మంచులో దారి చెప్పేవి కుక్కలే. ఒక ఊరు దగ్గర పడుతోందంటే ముందు ఒకటి మొరిగేది, ఆపైన నాలుగు, ఆపైన ఊరంతా. బండి ఊరి నడిమికి వచ్చేసరికి అరుపులు చక్రాల చుట్టూ తిరిగేవి. ఊరు దాటగానే ఎవరో తలుపేసినట్టు టక్కున ఆగిపోయేవి. కాసేపు ఇరుసు కిరకిర, ఎద్దుల ఊపిరి. మళ్ళీ ముందు చీకట్లో ఇంకో గొంతు. తాతయ్య ఆ గొంతుల్ని బట్టి ఊరు పేరు చెప్పేవాడు. “ఇది చిన్న పేట. నాలుగే కుక్కలు, అందులో ఒకటి ముసల్ది.” మేం నమ్మేవాళ్ళం కాదు. తెల్లారాక దారి లెక్కేసుకుంటే సరిపోయేది. ఇంత గోలలోనూ రాణి నోరు తెరవలేదు. జిమ్మీ మాత్రం దుప్పటి కిందినుంచి ప్రతి ఊరికీ జవాబు చెప్పింది.

ఉండి చేరేసరికి కాలవ వంతెన మీద మంచు పలచబడుతోంది. అక్కడ పీపీ రోడ్డు ఎక్కాం. పామర్రు నుంచి పాలకొల్లు పోయే రోడ్డు గనక ఆ పేరు. ఇప్పుడది 165వ నంబరు జాతీయ రహదారి. అప్పటికి రెండు బండ్లు ఎదురైతే ఒకటి అంచుకి దిగాల్సినంత తారు, రెండు పక్కలా తుమ్మలు, తాళ్ళు. గ్లాసుల చప్పుడుతో టీ కొట్టొకటి తెరిచి ఉంది. తాతయ్య మాకు టీ పోయించి, తను చుట్ట వెలిగించి, ఎద్దులకి జనపకట్ట విప్పాడు. పక్కన ఒకామె కుండ బోర్లించి తంపటేసిన తేగలు అమ్ముతోంది. వేడి తేగని ముణుకు మీద పెట్టి విరిచి, పీచు లాగి, లోపలి చందమామని తీసి వేరే పెట్టుకుని చివర్న తినడం మా పద్ధతి. హైదరాబాదువాడు చందమామని ముందే తినేశాడు. ఇంకా కొరుక్కోవడానికి ఏముందని అడిగాడు. వాడి జీవితంలో చాలా పనులు అలాగే చేశాడని తరవాత తెలిసింది, అది వేరే సంగతి.

చెరుకువాడ దాటాక పొద్దెక్కింది. అప్పుడు కనపడ్డాయి బాతులు. కోసిన చేల మీద మంచు ఇంకా మోకాలెత్తున నిలిచే ఉంది. దాని మీద వందల మెడలు. ఒళ్ళు లేవు, మెడలే. అన్నీ ఒకే వైపు కదులుతున్నాయి. వాటి వెనకాల ఇంకొంచెం ఎత్తున ఒక చుట్టుకున్న తోక. నేను చూసిన దృశ్యాల్లో దాన్ని మించినవి ఆ తరవాత చాలా ఉన్నాయి. కొండలు చూశాను, మంచు కురవడం చూశాను. గొప్పవే. కానీ వాటిల్లో ఎవరూ పని చేస్తూ కనపడలేదు.

రాణి బండి కిందనుంచి బాణంగా పోతుందనుకున్నాం. పోలేదు. తాతయ్య “ఊ” అనేదాకా ఆగి, అప్పుడు గట్టు మీదుగా నడిచివెళ్ళి, బాతుల అవతలి కొసన నిలబడింది. అంతే. ఇప్పుడు రెండు చివర్లా రెండు కుక్కలు. కూలీల్లో ఒకడు గట్టు మీద కూచుని బీడీ ముట్టించుకున్నాడు, వాడి డ్యూటీ దిగిపోయినట్టే.

ఆ పని ఎంత నాజూకైనదో ఆ పూటే చూశాం. డెల్టాలో చాలామంది కోతకి నాలుగు రోజుల ముందే వరిలో మినుము చల్లేస్తారు. వరి లేచేసరికి మోళ్ళ మధ్య మినుము రెండాకులేసి ఉంటుంది. ఆ చేలో బాతు దిగిందా, పంట పోయినట్టే, తగాదా వచ్చినట్టే. ఇటు చేనేమో మేపుకోమని రైతు పిలిచిన చేను. బాతులు తిరిగితే నత్తలు పోతాయి, రెట్ట పడుతుంది, ఆయనకీ లాభం. అటుదేమో మినుము. మధ్యలో జానెడు గట్టు. అవతలి రైతు కర్ర పట్టుకుని నిలబడే ఉన్నాడు. “ఒక్కటి దిగినా ఊరుకునేది లేదు” అంటున్నాడు. బాబాయి “అలాగేనండీ, అలాగేనండీ” అంటున్నాడు గానీ ఆయనకేసి చూడ్డం లేదు, కరియడికేసి చూస్తున్నాడు. కరియడు ఆ గట్టు మీద పొట్ట నేలకానించి పడుకున్నాడు. బాతు గట్టుకేసి వస్తే తల కాస్త ఎత్తేవాడు. బాతు వంపు తిరిగిపోయేది. ఒక మూర్ఖపు బాతు గట్టెక్కేసింది. లేచి, రెండడుగులు వేసి, దాన్ని ముట్టుకోకుండా మళ్ళించాడు. రైతు కర్ర దించాడు. “ఈ కుక్కని అమ్ముతావేంటి?” అన్నాడు. “మా వాణ్ణి చదువు మాన్పించి ఇమ్మన్నా ఇస్తాను గానీ అదొక్కటి అడక్కండి” అన్నాడు బాబాయి. మావాడు మొహం ముడుచుకున్నాడు. వాణ్ణి ఏడిపించడానికి ఆ ఏడంతా మాకు ఆ మాట సరిపోయింది.

జిమ్మీని అప్పుడే దింపారు. బాతుల్ని చూసి తోక ఊపుకుంటూ పరిగెత్తింది, ఆడుకోవడానికే. అరక్షణంలో మంద చెదిరిపోయింది. రాణి వచ్చి దాని మెడమీది బొచ్చు పట్టుకుని బండి దాకా ఈడ్చుకొచ్చి వదిలేసింది. కరవలేదు. హైదరాబాదువాడు ఏడ్చాడు. జిమ్మీ ఏడవలేదు. ఆ తరవాత దారంతా రాణి పక్కనే, బండి కింద, దాని అడుగులో అడుగేసి నడిచింది.

ఆకివీడులో ఏం చేశామో పెద్దగా గుర్తులేదు. రొయ్యల బజారు వాసనొకటే మిగిలింది. ఆ వాసన దాటితే ఉప్పుటేరు. కొల్లేటిలోకి బుడమేరు, తమ్మిలేరు, రెండు డెల్టాల మిగులు నీళ్ళు అన్నీ వచ్చి పడతాయి. బయటికి పోయేదారి మాత్రం ఇదొక్కటే. దాదాపు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రంలో కలుస్తుంది. పోటు మీదున్నప్పుడు నీళ్ళు వెనక్కి తంతాయి, ఎండాకాలంలో ఉప్పు పైకెక్కుతుంది. అప్పట్లో ఇవతల పశ్చిమగోదావరి, అవతల కృష్ణా. ఇప్పుడు అవతలి కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది.

బండి వంతెన మీదుగా. బాతులు? వాటికి వంతెనేంటి. బాబాయి ఏటి ఒడ్డున చాలాసేపు కూచున్నాడు, ఒక తాటాకు ముక్క నీళ్ళలో వేసి అది ఎటు పోతోందో చూస్తూ. ఆటు సాగి నీళ్ళు సముద్రం కేసి తిరిగేటప్పుడు దింపితే మంద చెదిరి కిందికి కొట్టుకుపోతుంది. పోటు మీద దింపితే పైకి పోతుంది. రెండిటికీ నడుమ నీళ్ళు ఎటూ కదలని ఘడియ ఒకటి ఉంటుంది. ఆకు నిలబడింది. “హో” అన్నాడు. నాలుగైదు వందల బాతులు ఒక్కసారి ఏట్లోకి జారాయి. కరియడు ఒడ్డున అన్నీ దిగేదాకా నిలబడి, అప్పుడు దూకి, ఎగువన ఈదాడు. దిగువన దోనెలో బాబాయి. మేం వంతెన మీద కమ్మీ పట్టుకుని చూస్తున్నాం. లారీ ఒకటి ఆగింది. డ్రైవరు దిగి మా పక్కన నిలబడ్డాడు. అవతలి గట్టెక్కాక కరియడు ఒళ్ళు దులుపుకుని, లెక్క పెడుతున్నట్టు మంద చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, కూచున్నాడు. డ్రైవరు బాబాయికేసి చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. కుక్కకే పెట్టాడేమో, దూరం నుంచి తెలీలేదు.

ఆలపాడు వైపు తిరిగి, రోడ్డు దిగి, బాట పట్టేసరికి సాయంత్రమైంది. ముందు నేల రంగు మారింది, తరవాత గాలి. చెట్లు ఆగిపోయాయి. రెల్లు, తుంగ, వాటి సందుల్లో నీళ్ళు, ఆపైన మరి నీళ్ళే. దూరాన చెట్ల గుబురొకటి కనపడితే అదే కొల్లేటికోట, పెద్దింట్లమ్మ ఉండేది అక్కడే అని తాతయ్య దణ్ణం పెట్టుకున్నాడు. ఫాల్గుణంలో జాతర. తాటిదోనెల్లో చేపల మావులు ఎత్తుకుని ఇళ్ళకి పోతున్నవాళ్ళు మా బండి చూసి ఇటు తిప్పారు. డజను బాతుగుడ్లకి రెండు కొర్రమీన్లు. బేరం లేదు, రేటు ఏటేటా అదే.

ఆకాశం నిండా పరజలు. ఉత్తరాన ఎక్కణ్ణుంచో చలికాలానికి వచ్చే బాతులు. అవి రెల్లు మీద వాలుతుంటే మా బాతులు మెడలెత్తి చూశాయి. గూడబాతులు, అంటే పెలికన్లు, మాత్రం ఎక్కడో ఒకటీ అరా. తాతయ్య చిన్నతనంలో ఆరేడు అనే ఊరి దగ్గర చెట్ల మీద వాటి గూళ్ళు లెక్కకి మించి ఉండేవట. ఆ గూళ్ళనే 1946లో మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ చూసి లోకానికి చెప్పాడని నేను పెద్దయ్యాక చదువుకున్నాను. మా చిన్నతనానికి అవి ఆ చోటు వదిలేసి పోయాయి.

మెరక చూసి వలల దడి కట్టారు. కొర్రమీను పులుసు, వేడన్నం. కుక్కల మూకుళ్ళు ముందు నిండాయి, జిమ్మీకి కూడా ఒకటి. అది బ్రెడ్డు సంగతి మర్చిపోయి మూకుడు నాకి నాకి మెరిపించింది. రాత్రి మాకు నిద్రెక్కడ? దడి చుట్టూ కరియడు ఒక చుట్టు, రాణి ఒక చుట్టు, ఎదురెదురుగా. నక్క కూసినా తిరుగుడు ఆగలేదు. నడిరాత్రి బావురుపిల్లి వచ్చింది కాబోలు, రెల్లులో ఒక్క పెనుగులాట, ఆపైన రాణి కూత. ఆ కూత వింటే నాకిప్పటికీ… ఇప్పుడెక్కడ వింటాను గనక. జిమ్మీ మా కాళ్ళ దగ్గర గుంట తవ్వుకోబోయి, రాక, గోనె మీదే ముడుచుకుంది.

తెల్లారగట్ల నాలుగింటికి బాతుల బాబాయి కొడుకు లేచి లాంతరు పట్టుకుని దడిలోకి వెళ్ళడం సగం నిద్రలో చూశాను. బాతులు గుడ్డు పెట్టేది ఆ వేళకే. బురదలో, రెట్టలో చేత్తో తడుముకుంటూ ఏరాలి. మేమిద్దరం దుప్పటి వాడి వాటా కూడా లాక్కుని పడుకున్నాం.

ఆ తరవాతి పదిహేనేళ్ళలో ఆ దారి రూపు పోయింది. వరిచేలు చేపల చెరువులయ్యాయి. కొల్లేట్లో 1970ల్లోనే సహకార సంఘాలకి చెరువులు ఇవ్వడంతో మొదలైనది, ఆపైన పెద్ద పెట్టుబడుల చేతికి వెళ్ళింది. సరస్సులోకే గట్లు పోసుకుంటూ పోయారు. 1999లో ప్రభుత్వం అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అంది. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ అని గట్లు పేల్చారు, కొన్నిచోట్ల మళ్ళీ లేచాయి. వీటన్నిటి మీదా చాలామంది చాలా రాశారు. కుక్క సంగతి రాసినవాళ్ళు తక్కువ. కోసిన చేను లేకపోతే పరిగె లేదు. పరిగె లేకపోతే బాతుల మంద ఎందుకు, మంద లేకపోతే జోనంగి ఎందుకు? రోగమొచ్చి పోలేదది. పనిలోంచి తీసేశారు, అంతే. ఈమధ్య మన దేశవాళీ జాతి అని దాని ఫొటోలు పెట్టి పొగడ్డం ఎక్కువైంది. మంచిదే. కానీ గట్టు మీద పొట్ట ఆనించి పడుకుని మినుము చేను కాపాడిన కుక్కని ఫొటోలో పెంచలేరు కదా.

మొన్న డిసెంబర్లో ముగ్గురం మళ్ళీ కలిశాం. హైదరాబాదువాడు పెద్ద కారు వేసుకొచ్చాడు, వెనక సీట్లో లాబ్రడార్. పేరు కోకో. దానికి స్వెట్టరు. ఉండి దాటి పీపీ రోడ్డు మీద గంట కూడా పట్టలేదు. రెండు పక్కలా చెరువులు, గట్ల మీద కొబ్బరి, తవుడు బస్తాల లారీలు, ఐసు నీళ్ళు కార్చుకుంటూ కోల్‌కతా దారి పట్టిన చేపల లారీలు. నేను ఇదిగో ఇక్కడ తేగలమ్మేది, అదిగో అక్కడ మినుము రైతు అని చెప్పుకుపోతున్నాను. బాతుల బాబాయి కొడుకు ఆలపాడు దగ్గర కౌలు చెరువు మీద ఉన్నాడు. కళ్ళజోడొచ్చింది, పొట్టొచ్చింది.

నా వర్ణనంతా విన్నాడు. విని, “ఒరేయ్, నువ్వు బండి మీద కూచున్నావు. నేను బురదలో ఉన్నాను. నా వేళ్ళ సందులు చలికాలమంతా పాసిపోయే ఉండేవి. నాన్న కీళ్ళ నొప్పుల్తో పోయాడు. నీకు మంచులో మెడలు కనపడ్డాయి, నాకు ఒక్క బాతు తగ్గితే ఆ పూట తన్నులు కనపడేవి” అన్నాడు. కోపంగా కాదు, చేప మేత లెక్క చెప్పినట్టు చెప్పాడు. నేను జవాబు చెప్పలేదు. వాడి చెరువు ఏడాదికి వాడి నాన్న జన్మలో చూడనంత డబ్బు ఇస్తోంది. ఆ మాటా వాడే అన్నాడు.

అప్పుడు చూశాం, గట్టు మీద. సన్నటి నడుము, చుట్టుకున్న తోక, ముడతల నుదురు. ఆకాశంలోంచి గూడబాతులు దిగుతుంటే అది గట్టు పొడుగునా పరిగెడుతోంది. మా చిన్నప్పుడు ఒకటీ అరా కనపడిన గూడబాతులు ఇప్పుడు వందలు. ఆటపాకలో అటవీశాఖవాళ్ళు ఇనప స్టాండ్లు వేస్తే వాటి మీద గూళ్ళు కడుతున్నాయి, మేతకి ఈ చెరువుల మీద పడుతున్నాయి. వాటి మీద రాయి వేసినా కేసు. కుక్క తరిమితే అడిగేవాళ్ళు లేరు. “రాణి సంతానమేనా?” అన్నాను. “ఏమో. లంకల్లో ఒకళ్ళ దగ్గర తెచ్చాను. దీన్నొదిలితే రోజుకి నా చేప ఎంత పోద్దో నీకేం తెలుసు” అన్నాడు. దాని కడుపున ఈ ఏడు నాలుగు పిల్లలట, పాకలో ఉన్నాయి.

హైదరాబాదువాడు పిల్లని చూసి మనసు పారేసుకున్నాడు. అయిదువేలిస్తానన్నాడు.

“అక్కడ దీనికేం పని?”

“వాకింగ్‌కి తీసుకెళ్తాను. రోజూ పొద్దున్న పార్కుకి.”

“పార్కులో?”

“పార్కులో తిరుగుద్ది.”

“తిరిగి?”

వాడికి జవాబు దొరకలేదు. ఈలోగా కోకో తలుపు సందులోంచి దూరి, గట్టు దిగి, స్వెట్టరుతో సహా చెరువులోకి దూకేసింది. మేతేసిన చెరువు. మావాడు పంచె ఎగ్గట్టి అరుస్తున్నాడు, గూడబాతులు లేచిపోయాయి, జోనంగి గట్టు మీద నిలబడి ఈ కొత్త జంతువుని ఏ ఖాతాలో వెయ్యాలో తెలీక అటూ ఇటూ చూస్తోంది. చివరికి తనూ దూకి, ఎగువన ఈదుకుంటూ వెళ్ళి, దాన్ని ఒడ్డుకి మళ్ళించుకొచ్చింది.

పిల్లని ఇవ్వలేదు. థర్మోకోల్ పెట్టెలో ఐసేసి రెండు కొర్రమీన్లు పెట్టిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. తిరుగుదారిలో తడికుక్క వాసనకీ చెరువు కంపుకీ ఏసీ వెయ్యలేకపోయాం. అద్దాలన్నీ దించేసి, డిసెంబరు గాలికి మఫ్లర్లు చుట్టుకుని కూచున్నాం. ఆకివీడు దాటకముందే హైదరాబాదువాడు ఫోను తీసి, ఏడువేలంటూ మళ్ళీ బేరం మొదలెట్టాడు.